డబ్బు ముప్పాతిక వెళ్ళింది, పని సగంలో ఉంది

ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఒక ఊరి నుంచి ఒక ఉపాధ్యాయిని సెప్టెంబరు మొదట్లో రాసిన పెద్ద ఉత్తరం ఇది. క్లుప్తంగా చెబుతున్నాం.

ఆమె భర్త సైన్యంలో ఉంటారు, సెలవు దొరికితేనే ఊరికి వస్తారు. 1,300 చదరపు అడుగుల ఇల్లు మొదలుపెట్టి పనంతా అక్క భర్త చేతిలో పెట్టారు. ఆయన వృత్తి కూడా ఇళ్ళు కట్టించడమే. మెటీరియల్‌తో కలిపి గంపగుత్తగా 28 లక్షలకు మాట్లాడుకున్నారు. కాగితం మీద ఉన్నది ఒకే మాట: ‘పని జరిగేకొద్దీ డబ్బు’. సొంత డబ్బు 8 లక్షలు, బ్యాంకు లోను 20 లక్షలు. ఇప్పటికి 21 లక్షలు ఇచ్చేశారు. మిగతా 7 లక్షలను గోడల పూత, ఫ్లోరింగు అయ్యాక వచ్చి చూసి విడుదల చేస్తామని బ్యాంకు అంటోంది.

శ్లాబు పడింది, గోడలు లేచాయి. లోపలి పూత సగం గదుల్లో అయింది. గుమ్మాలు నిలబెట్టారు, తలుపులు లేవు. సంపు, సెప్టిక్ ట్యాంకు తవ్వనే లేదు. ప్రతి ఆదివారం ఫోను చేస్తే బావగారు చెప్పేది ఒకటే: “తొంభై శాతం అయిపోనాది, ఇంక పైపై పనులే.” ఈ మాట జూన్ నుంచీ వింటున్నారు. ఇప్పుడు టైల్స్ కోసం ఇంకో 3 లక్షలు కావాలి, బంగారం కుదువ పెట్టయినా తెమ్మంటున్నారు. అద్దె నెలకు 6,500, దాని మీద లోను వడ్డీ. ఫిబ్రవరి మూడో వారంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు, భర్త సెలవు దానికే రాయించుకున్నారు. ‘తోడల్లుణ్ణి లెక్కలడిగితే బాగోదు’ అంటారాయన. ఒకసారి ఈమె అడిగినందుకు అక్క ముభావంగా ఉంటోంది. 3 లక్షలు ఇవ్వాలా? ముహూర్తానికి ఇల్లు అవుతుందా? తాపీపని తెలియని నాకు పని ఎంతవరకు వచ్చిందో తెలిసేదెలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు దొరికితే మొదటి రెండూ వాటంతటవే తేలతాయి.

బావగారు మిమ్మల్ని మోసం చేస్తున్నారని ఈ ఉత్తరం చదివి చెప్పలేను, మీరూ ఆ నిర్ణయానికి రావద్దు. శ్లాబు పడి గోడలు లేస్తే ఇల్లు కంటికి ముప్పాతిక అయినట్టే కనిపిస్తుంది. కానీ అప్పటిదాకా జరిగింది సెంట్రింగువాళ్ళు (కాంక్రీటుకు అచ్చు కట్టేవాళ్ళు), తాపీవాళ్ళు చేసే పని. ఆ తరవాత ప్లంబరు, ఎలక్ట్రీషియను, టైల్స్ మేస్త్రి, వడ్రంగి, కిటికీలవాళ్ళు, పెయింటరు వరసగా రావాలి. ఒకరు ఆగితే వెనకాలవాళ్ళంతా ఆగుతారు. ‘పైపై పనులు’ అనేవాటిలో రోజులూ డబ్బూ ఎక్కువగా పోయేది అందుకే. అదీగాక శాతం అన్నది చెప్పేవాళ్ళ మనసులో ఉండే అంకె. దాన్ని తప్పని నిరూపించడం ఎవరివల్లా కాదు. జూన్‌లో తొంభై అన్నా, సెప్టెంబరులో తొంభై అన్నా ఆ అంకెకు నష్టం లేదు.

కాబట్టి ఈ ఆదివారం నుంచి శాతం అడగడం మానేయండి. మైలురాయి దాటామా లేదా అని మాత్రమే అడగండి. మీ ఇంటిపనికి సంబంధించి మైలురాయి అంటే ఒక పని ముగిసిన క్షణం. దానికి రోజులు ఉండవు, తేదీ ఒక్కటే ఉంటుంది. జవాబు అవును, కాదు అన్న రెండింటిలో ఒకటి. సగం అవునుకు చోటు లేదు. ‘వైరింగు నడుస్తోంది’ మైలురాయి కాదు. ‘టైల్స్ వచ్చాయి’ అన్నది కూడా కాదు, పెట్టెల్లో ఉన్న టైల్స్ మీద ఎవరూ నడవలేరు. ‘అన్ని గదుల్లో లోపలి పూత ముగిసి, ఏడు రోజులు తడపడం కూడా అయింది’, ఇది మైలురాయి. తాపీపని తెలియకపోయినా మీరు గదిగదికీ తిరిగి అవునో కాదో చెప్పగలరు.

ఈ కొలతతో మీ ఇల్లు ఎక్కడుందో చూద్దాం. మీ ఒప్పందంలో దశలవారీ విలువలు లేవు కాబట్టి మొత్తం విలువ నూరు అనుకుని మామూలు ఇంటికి సరిపోయే ఒక విభజన తీసుకుంటున్నాను. పునాది నుంచి ప్లింత్ బీమ్ (గోడల అడుగున వేసే కాంక్రీటు దూలం) దాకా 15, పిల్లర్లు, శ్లాబు 25, గోడలు 12, పైపులతో కలిపి లోపలి పూత 10, బయటి పూత, మేడ మీద పని 7, సంపు, సెప్టిక్ ట్యాంకు 4, ఫ్లోరింగు, టైల్స్ 10, తలుపులు, కిటికీలు 8, వైరు లాగడం, ఫిట్టింగులు 5, రంగులు 4. మొత్తం 100. మీ ఇంటి ప్లాను బట్టి అటూఇటూ కావచ్చు, దీన్ని ఒక ఇంజినీరుకు చూపించి సరిచేయించుకోండి.

పూర్తిగా ముగిసినవి మొదటి మూడే. అంటే 52. ఇరవై ఎనిమిది లక్షల్లో 52 శాతం 14 లక్షల 56 వేలు. మీరిచ్చింది 21 లక్షలు. సగం అయిన పూతకు 5, నిలబెట్టిన గుమ్మాలకు 2 కలిపి ఉదారంగా లెక్కేసినా 59, అంటే 16 లక్షల 52 వేలు. డబ్బు పనికంటే సుమారు నాలుగున్నర నుంచి ఆరున్నర లక్షల ముందు ఉంది. సైటులోనో గోడౌన్‌లోనో మీ ఇంటికోసం కొన్న సామాను ఉంటే ఈ తేడా అంతమేర తగ్గుతుంది. బిల్లులు అడిగి చూడండి. మిగతాది వేరే సైటులో ఇరుక్కుని ఉండవచ్చు. ఈ వృత్తిలో ఇది తరచూ జరిగేదే: ఒక ఇంటి అడ్వాన్సుతో ఇంకో ఇంటి ఇనుము కొంటారు, అక్కడ డబ్బు రాకపోతే ఇక్కడ పని ఆగుతుంది.

ఈ లెక్కలో మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. లోపలి పూత ముగిస్తే 62, బయటి పూత 69, సంపు, సెప్టిక్ ట్యాంకు 73. అక్కడికి జరిగిన పని విలువ 20 లక్షల 44 వేలు, ఇంకా మీరిచ్చిన 21 లక్షలను దాటలేదు. టైల్స్ కూడా పూర్తయితేనే పని డబ్బును దాటుతుంది. కచ్చితంగా మాట్లాడితే అప్పటిదాకా బావగారికి ఒక్క రూపాయి బాకీ లేరు. కానీ కచ్చితంగా మాట్లాడితే పని రేపే ఆగిపోతుంది. మీ అసలు చిక్కు ఇదే. దీనికి తరవాత వస్తాను.

ముందు మిగిలిన పనికి మైలురాళ్ళు నాటుకోవాలి. ముహూర్తం నుంచి వెనక్కి రండి. రెండు మైలురాళ్ళ మధ్య మూడు, నాలుగు వారాలకు మించి ఉండకూడదు. రెండు నెలల దూరం ఉంటే పని వెనకబడిందని తెలిసేసరికి ఆ రెండు నెలలూ పోయి ఉంటాయి.

మొదటిది సెప్టెంబరు 25: గోడల్లో కరెంటు పైపులు, స్విచ్ బాక్సులు, నీళ్ళ పైపులు అన్నీ బిగించి పరీక్ష ముగియాలి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీ ఇంట్లో ఇప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. పైపులు పడకుండా పూత పూసేస్తే, తరవాత పూతను చీల్చి గాడి కొట్టాలి. ఆ గాడి మీద వేసిన అతుకు రంగు వేశాక గీతలా పైకి తేలుతుంది. పూత అయిన గదుల్లో బాక్సులన్నీ ఉన్నాయా లేదా ముందు చూసుకోండి. నీళ్ళ పైపుల పరీక్ష ఇలా చేయిస్తారు: కుళాయి పాయింట్లన్నిటికీ డమ్మీలు (మూతలు) బిగించి, లైనులో నీళ్ళు నింపి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కిస్తారు. పంపుకు గేజు ఉంటుంది. ముల్లు ఎక్కడుందో ఫొటో తీసి, మర్నాడు ఉదయం మళ్ళీ చూడండి. ముల్లు పడిపోయి ఉంటే ఎక్కడో కారుతోంది. పూత పడ్డాక ఈ సంగతి తెలిసేది గోడ చెమ్మగిల్లినప్పుడే. అదే రోజు ప్రతి గోడకీ టేపు ఆనించి పైపులు కనిపించేలా ఫొటోలు తీసి దాచండి. రేపు గోడకు మేకు కొట్టేటప్పుడు అవే అక్కరకొస్తాయి. పిల్లరు, ఇటుక గోడ కలిసేచోట చికెన్ మెష్ (సన్నని తీగల వల) కొట్టారో లేదో కూడా అప్పుడే చూడండి. లేకపోతే సరిగ్గా ఆ గీత మీదే పూత పగులుతుంది.

రెండోది అక్టోబరు 20, లోపలి పూత, తడపడంతో సహా. దసరా రోజులు దీన్లో కలిపే వేశాను. మేస్త్రీలు విజయనగరం వైపు వాళ్ళయితే విజయదశమి దాటాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను ఉత్సవం. ఆ వారం వాళ్ళు రారు, రమ్మని గొడవపడి లాభం లేదు.

మూడోది అక్టోబరు 27, ఇది కొంచెం వేరే రకం. పూత అయితేగానీ కిటికీల కొలత తేలదు. కొలత తీసి, ఆర్డరిచ్చి, అడ్వాన్సు కట్టిన రసీదు మీ చేతికి రావాలి. తయారై రావడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది కాబట్టి ఆర్డరివ్వడమే మైలురాయిగా పెట్టుకోవాలి. టైల్స్ కూడా ఇదే రోజు ఎంచి, ఒకే బ్యాచ్ నంబరు పెట్టెలు, తరుగుకు పది శాతం దాకా అదనంగా తీసుకోండి. తరవాత కొంటే రంగు కలవదు.

నాలుగోది నవంబరు 15: బాత్రూముల్లో వాటర్‌ప్రూఫింగు చేసి, రెండు రోజులు నీళ్ళు నిలిపి, అవతలి గోడలకు చెమ్మ రాలేదని చూసుకోవడం. టైల్స్ పరిచాక ఈ పరీక్షకు అర్థం లేదు.

ఐదోది నవంబరు 30, బయటి పూత. దీన్ని అక్టోబరులోకి జరపమని ఎవరన్నా ఒప్పుకోకండి. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12న వచ్చింది, 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో ఆ నెలలో పరంజా కట్టి పచ్చి పూతను గాలివానకు వదలడం తెలిసి చేసే నష్టం. మేడ మీద రెండు మూడు రోజులు నీళ్ళు కట్టి చూడటం కూడా ఇందులోనే పెట్టాను.

సంపు, సెప్టిక్ ట్యాంకు డిసెంబరు 10. ఇప్పుడు తవ్వితే గోతిలోకి ఊట వస్తుంది, గట్లు విరిగిపడతాయి. అయితే నవంబరు, డిసెంబరు వరికోతల కాలం. కూలీలు పొలాలకు వెళ్ళిపోతారు, గోతులు తవ్వేవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. టైల్స్ డిసెంబరు 25. తలుపులు, కిటికీలు జనవరి 8, ఎందుకంటే భోగి ముందురోజు నుంచి ముక్కనుమ దాటి ఇంకో వారం వరకు సైటులో మనిషి కనబడడు. ఆ రోజులు ప్లానులో ఖాళీగానే రాయండి. ఫిట్టింగులు బిగించి, కట్టడానికి తీసుకున్న కరెంటు కనెక్షన్ని ఇంటి కేటగిరీకి మార్పించుకోవడం జనవరి 30. రంగులు ఫిబ్రవరి 5. పూత బాగా ఆరకుండా పుట్టీ పెడితే పొరలుగా లేస్తుంది, కనీసం నాలుగు వారాలు ఆరాలి. అందుకే పూతలు ముందూ రంగులు చివరా పడ్డాయి. ఫిబ్రవరి 5 నుంచి ముహూర్తం వరకు మిగిలిన రోజులు ఎవరికీ చెప్పకండి. అవి వాననీ, రాని మనిషినీ తట్టుకోవడానికి.

అంటే మీ రెండో ప్రశ్నకు జవాబు: అవుతుంది, కానీ లోపలి పూత అక్టోబరు 20 దాటకపోతేనే. పూత మీదే కిటికీలు, టైల్స్, రంగులు అన్నీ నిలబడి ఉన్నాయి. అది పదిరోజులు జరిగితే చివరి తేదీ కూడా ఇంచుమించు పదిరోజులు జరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు పదిరోజులు ఆలస్యమైతే ఏమీ కాదు. ఏ ఆలస్యానికి గాబరాపడాలో, దేనికి అక్కర్లేదో తెలియడం మీకూ బావగారికీ ఇద్దరికీ మంచిది. ప్రతిదానికీ ఫోను చేస్తే నిజంగా అవసరమైనప్పుడు మీ మాటకు బరువుండదు.

దీన్ని గమనించడానికి ఒక నోటు పుస్తకం చాలు. ఒక్కో మైలురాయికి ఒక పేజీ. పైన మొదట అనుకున్న తేదీ. దాన్ని ఎప్పుడూ కొట్టేయవద్దు, దిద్దవద్దు. కింద ప్రతి ఆదివారం ‘ఇది ఎప్పటికి అవుతుంది?’ అని అడిగి, ఆయన చెప్పిన తేదీ రాయండి. వాదించకండి, రాయండి అంతే. పూత పేజీ ఇలా తయారైందనుకోండి: మొదటి ఆదివారం అక్టోబరు 20, రెండో ఆదివారం అక్టోబరు 20, మూడో వారం 27, నాలుగో వారం నవంబరు 5. రెండు వారాలు గడిచేసరికి తేదీ పదహారు రోజులు వెనక్కి పోయింది. వారం గడిస్తే వారం జరిగే తేదీ అంటే ఆ పని మీద మనిషే లేడని అర్థం. నెలంతా కదలకుండా ఉండి చివరి వారంలో ఒక్కసారిగా ఇరవై రోజులు గెంతే తేదీ ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ ఇబ్బంది ముందే తెలిసి కూడా ఎవరో చెప్పలేదు. ఈ పేజీని చూపించి మీ భర్తతో మాట్లాడండి. ‘ఆలస్యం చేస్తున్నాడు’ అంటే తోడల్లుడి మీద ఫిర్యాదు అవుతుంది. నాలుగు తేదీలు చూపిస్తే అది ఫిర్యాదు కాదు, లెక్క.

ఇక 3 లక్షల సంగతి. మీ ముందు నాలుగు దారులున్నాయి, ఏదీ నొప్పి లేనిది కాదు.

అడిగినట్టే ఇచ్చేస్తే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది, బహుశా ఓ నెలరోజులు. కానీ 24 లక్షలు వెళ్ళి పని 59 దాటకుండా ఉంటుంది. టైల్స్ కొనడానికి ముందు పూత ముగియాలి కదా, అక్టోబరు చివరి దాకా టైల్స్ డబ్బుతో పనే లేదు. బంగారం మీద వడ్డీ మాత్రం రేపటి నుంచే మొదలు. ఈ దారి నేను వద్దనే అంటాను.

రెండోది, మైలురాయి దాటేదాకా రూపాయి ఇవ్వనని కూర్చోవడం. లెక్క ప్రకారం మీదే న్యాయం. కానీ ఆయన దగ్గర నగదు లేకపోతే పని ఆగుతుంది, లోను వడ్డీ, అద్దె నడుస్తూనే ఉంటాయి, ముహూర్తం పోతుంది. ఆయన ఇంకో సైటు నుంచి డబ్బు తేగలరని మీకు నమ్మకం ఉంటేనే ఇది పనిచేస్తుంది.

మూడోది, నగదు ఇవ్వకుండా పనికి ఇవ్వడం. పూతకు కావలసిన సిమెంటు, పైపులు, వైర్లు మీ పేరున బిల్లుతో మీరే కొని సైటులో దించండి. తాపీ కూలీ మాత్రం వారంవారం, ముందే అనుకున్న పరిమితి లోపల, బావగారి ద్వారానే ఇవ్వండి. పనివాళ్ళకు నేరుగా ఇస్తే ఆయన మాట వాళ్ళు వినరు. ఇదంతా మిగిలిన 7 లక్షల్లోంచి తగ్గుతుందని అదేరోజు రాసుకోండి. ఇందులో కష్టం ఏమిటంటే కొట్ల చుట్టూ తిరగడం, సామాను తగ్గితే ‘మీరే సరిగా తేలేదు’ అనే మాట పడటం. మంచి ఏమిటంటే మీరు ఖర్చుపెట్టింది మీ ఇంటి గోడల్లోనే ఉంటుంది. పూత, ఫ్లోరింగు మైలురాళ్ళు దాటితే బ్యాంకు డబ్బు కూడా కదులుతుంది. అయినా పాత తేడా మొత్తం ఆయన భరించలేకపోవచ్చు. 28 లక్షలకు పైన కొంత పడుతుందని మనసులోనూ చేతిలోనూ సిద్ధపడి ఉండండి. ఎంత పడుతుందో, అందులో ఆయన వంతు ఎంతో ఇప్పుడే మాట్లాడుకోవడం నయం. ఫిబ్రవరిలో చుట్టాలందరి ముందూ తేలే విషయం కాకూడదు అది. చివరి 5 శాతం, అంటే లక్షా 40 వేలు, మొదటి వానాకాలం చూశాకే ఇస్తానని కూడా ఇందులో రాయించుకోండి.

నాలుగోది, పని వేరేవాళ్ళకు అప్పగించడం. మిగిలిన పని విలువ పదకొండున్నర నుంచి పదమూడున్నర లక్షలు, మీ దగ్గరున్నది 7. తేడా మీరే తేవాలి. కొత్తగా వచ్చినవాళ్ళు పాత పైపులకు, పాత శ్లాబుకు పూచీ పడరు. అక్కతో సంబంధం ఏమవుతుందో మీకే తెలుసు. ఈ దారి పడితే మాత్రం ఒక ఇంజినీరును పిలిచి, బావగారు పక్కనుండగా కొలతలు తీయించి, ఇద్దరూ సంతకం చేశాకే పని చేతులు మార్చండి.

నేనైతే మూడోదాన్ని అక్టోబరు 20 వరకు ప్రయత్నించమంటాను. ఆ తేదీకి పూత ముగిస్తే అదే దారిలో వెళ్ళండి. పేజీలో తేదీలు గెంతుతుంటే అప్పుడు నాలుగోదాని గురించి ఆలోచించడానికి మీకు ఇంకా సమయం ఉంటుంది. ముహూర్తం తప్పదనుకుంటే వంటిల్లు, పూజగది, ఒక బాత్రూము, సంపు సిద్ధం చేసి పాలు పొంగించుకోవచ్చు, చాలామంది చేస్తున్నారు. కానీ మీరు చేరిపోయాక మిగతా పనికి ఎవరికీ తొందర ఉండదు, దుమ్ములో పిల్లలతో నెలలు గడుస్తాయి. అలా అయితే ఏ పనులు మిగిలాయో వాటికి కూడా తేదీలు వేయించుకుని మరీ చేరండి.

ఈ మాట బావగారి దగ్గర ఎత్తడం ఎలా? మొదటి ఫోను మీ భర్త చేయాలి, రెండు నిమిషాలు చాలు: ‘మైలురాళ్ళ కాగితం నేనే రాయమన్నాను, మీరూ చూసి తేదీలు సరిచేయండి.’ తరవాత మాట్లాడేది సైటులో, పగలు, కాగితం చేతిలో పెట్టుకుని. అక్కయ్య ఇంట్లో వద్దు, వినాయక చవితి భోజనాల దగ్గర అసలే వద్దు. బ్యాంకు దశలవారీగా చూసి ఇస్తోంది కాబట్టి మనమూ అలాగే రాసుకుందాం అనండి, అది నెపం కాదు, ఉన్న మాటే. తేదీలు మాత్రం మీరు నిర్ణయించి ఆయన మీద రుద్దవద్దు. నేను పైన వేసినవి మీ చేతిలో ఉంచుకుని ముందు ఆయన్నే చెప్పమనండి. ఆయన చెప్పినవి వేరైతే కారణం అడగండి, సబబుగా ఉంటే మార్చండి. ఒకరు చెప్పి ఒకరు ఒప్పుకున్న తేదీనే ఆదివారం ఫోనులో అడగగలరు. అక్కయ్యతో లెక్కల ఊసు ఎత్తకండి. ఆవిడ అడిగితే ఆ కాగితమే చూపించండి. అందులో బావగారి తప్పులేమీ ఉండవు, తేదీలూ పనులే ఉంటాయి.